ట్రాక్టరు మేస్త్రి నైపుణ్యము

దుక్కి నడుమ ట్రాక్టరు ఉక్కిరిబిక్కిరియై, తెల్లని పొగ గ్రక్కి ఆగిపోయినప్పుడు, తొందరపడి ఇంజను విప్పక, ముందుగా ట్యాంకు అడుగునుండి డీజిలును గాజుసీసాలోనికి పట్టి వెలుగునకెత్తి చూచు మేస్త్రియందు నాకు అపారమైన గౌరవము కలదు. ఆ సీసాను కొంతసేపు కదలనీయక ఉంచినచో, డీజిలులో కలిసిన నీరు, దానికంటె బరువైనది గనుక, అడుగున వేరొక పొరగా నిలిచి, రెంటి నడుమ సన్నని గీత స్పష్టముగా కానవచ్చును. వ్యాధినిర్ణయమునకు అంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

ఆ నీరు ఎచ్చటినుండి వచ్చినదని అతడు పిదప విచారించును. మూత సరిగా బిగియని ట్యాంకులోనికి వాననీరు దిగియుండవచ్చును, లేదా డ్రమ్ములలో నిలువచేసిన డీజిలుతోనే వచ్చియుండవచ్చును. సగము ఖాళీయైన ట్యాంకులోని గాలి రాత్రివేళ చల్లబడి గోడలకు చెమ్మపట్టుటయు సాధారణమే. డీజిలు పంపునకు ఆ డీజిలే కందెన యగుటచే, నీరు చేరినచో అందలి నున్నని భాగములు త్రుప్పుపట్టి అరిగిపోవును. కావుననే అతడు ట్యాంకు అడుగు మర విప్పి నీటిని వదలి, ఫిల్టరు అడుగు గిన్నె కడిగి, ఫిల్టర్లు మార్చి, చేతిపంపు నొత్తుచు గొట్టములలోని గాలిని తీయును. గాలి తీయు మర సందునుండి తొలుత నురుగు, తరువాత బుడగలు, తుదకు బుడగలేని డీజిలుధార వెడలువరకు అతని చేయి ఆగదు. ఈ ఓర్పే ఆ విద్యకు ప్రాణమని నా అభిప్రాయము. సీసా పట్టి చూడకయే పంపు మార్చుమనువాడు మేస్త్రి కాడు.

రైతు సోదరులారా, సాయంకాలము పని ముగియగానే ట్యాంకు నింపియుంచుడు. ఉదయము ఇంజను నడుపుటకు ముందే ఫిల్టరు అడుగునగల నీటిని వదలుడు.