దండగ చందాలు, అండగా నిలిచే చందాలు

పొద్దున్నే హిందూపురం స్టేషన్‌లో బెంగళూరు బండి కోసం నిలబడే వాళ్లలో చాలామంది దగ్గర సీజన్ టికెట్ ఉంటుంది. దొడ్డబళ్లాపురంలోనో యలహంకలోనో దిగి డ్యూటీకి పోయేవాళ్లు వీళ్లు. రైల్వే ఈ టికెట్‌ను 150 కిలోమీటర్ల లోపు దూరానికే ఇస్తుంది. బెంగళూరు మనకు దాదాపు వంద కిలోమీటర్లే కాబట్టి ఆ సదుపాయం దక్కింది. మూడు నెలలకు ఒకేసారి తీసుకుంటే నెల ధరకు 2.7 రెట్లు కడితే చాలు. రిజర్వేషన్ బోగీ ఎక్కనివ్వరు, సూపర్‌ఫాస్ట్ బండికి అదనంగా కట్టాలి. అయినా రోజూ టికెట్ కొనడంతో పోలిస్తే బోలెడు ఆదా.

నెలనెలా కట్టే చందాల్లో ఏది దండగ కాదని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది దీన్నే. ఈ టికెట్ కొన్న మనిషి అప్పటికే రోజూ రైలెక్కుతున్నాడు. ఉన్న అలవాటుకు కట్టే చందా ఎప్పుడూ గిట్టుబాటు అవుతుంది. రేపు అలవాటు చేసుకుందామని ఈరోజు కట్టే చందా మాత్రం చాలావరకు నీళ్లపాలే.

మా ఇంట్లో ప్రతి నెలా మొదటి ఆదివారం అందరం కూర్చుని ఖర్చుల పుస్తకం తెరుస్తాం. పాలు, పేపరు, కేబుల్, ఇంటర్నెట్, ఫోన్ రీచార్జీలు, సినిమాల యాప్, పాటల యాప్ అన్నీ వరుసగా రాసి, పోయిన నెల దాన్ని ఎవరు వాడారో ఎదురుగా వాళ్ల పేరు రాస్తాం. పేరు దొరకని చోట గీత. వరుసగా రెండు నెలలు గీత పడితే దాన్ని ఆపేస్తాం. పేపరు అబ్బాయి నెలాఖరున గుమ్మం దగ్గర నిలబడి డబ్బు అడుగుతాడు కాబట్టి ఆ లెక్క ఇంటిల్లిపాదికీ తెలుసు. ఫోన్‌లోని ఆటోపే అడగదు, తీసుకుంటుంది. ఈ పుస్తకం పెట్టుకున్నది అందుకే.

చట్టం కొంత మన పక్షానే ఉంది. 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం రావాలి. 15 వేల రూపాయల దాకా మళ్లీ మళ్లీ ఓటీపీ అడగరు కాబట్టి ఆ మెసేజ్‌ను చూసీ చూడనట్టు వదిలేస్తే అంతే. చేరడం సులువుగా, మానుకోవడం కష్టంగా ఉండేలా యాప్‌లను తయారుచేయడం కూడా తప్పేనని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే పేజీ తెరిస్తే దేనిదేనికి అనుమతి ఇచ్చామో అంతా అక్కడే కనిపిస్తుంది, అక్కడే రద్దు చేయొచ్చు. నెలకొకసారి ఆ పేజీ తిరగేయండి.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే మిత్రుడొకడు ఫొటోలు దాచుకోవడానికి గూగుల్‌కు డబ్బు కడతాడు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, ఫొటోలు, ఫైళ్లు అన్నీ సర్దుకోవాలి. అతనికి అది చాలదు. మగ్గం మీంచి దిగిన ప్రతి చీరకూ కొంగు ఒక ఫొటో, అంచు ఒక ఫొటో, బుటా దగ్గరగా ఒక ఫొటో తీస్తాడు, నేసిన వారి పేరు, ధర రాసిపెడతాడు. ఎప్పుడో అమ్మిన చీర లాంటిదే కావాలని హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తే నిమిషంలో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. ఆ బేరం చేజారితే పోయేది చందా డబ్బుకు ఎన్నో రెట్లు. పెళ్లి వీడియోలతో ఫోన్ నిండిన వాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు, పనికిరానివి చెరిపేసుకుంటే సరిపోతుంది.

పెనుకొండలో గదులు అద్దెకు తీసుకుని ఎర్రమంచి కియా కర్మాగారంలోనో, దానికి విడిభాగాలు చేసే కంపెనీల్లోనో పనిచేసే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు అన్నారని జిమ్ముకో, ఇంగ్లిష్ నేర్పే యాప్‌కో మొత్తం కట్టేస్తారు. షిఫ్టు మారితే ఆ పని ఆగిపోతుంది. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు ఒక నెల కట్టండి, నిలబడితే ఏడాదికి కట్టండి. సినిమాల యాప్‌లకూ అంతే. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి చాలు.

వాడకూడదని కోరుకుంటూ కట్టాల్సిన చందా కూడా ఒకటుంది. ప్రధానమంత్రి సురక్షా బీమా 2015లో 12 రూపాయలతో మొదలై, 2022 జూన్ నుంచి ఏడాదికి 20 రూపాయలైంది. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు చేరవచ్చు. ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి బీమాకు మరణం ఏ కారణంతో వచ్చినా 2 లక్షలు ఇస్తారు, చేరే వయసు 50 దాకా. రెండూ జూన్ నుంచి మే వరకు లెక్క. మే నెలాఖరున ఖాతాలో ఆ కాస్త డబ్బు లేకపోతే రక్షణ ఆగిపోతుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద బైకులపై వచ్చే కుర్రాళ్లు, రెక్కాడితే గానీ డొక్కాడని నేతన్నలు తమ పాస్‌బుక్కులో ఈ 20 రూపాయల పద్దు పడిందో లేదో తప్పక చూసుకోవాలి.

ఇప్పటికే కట్టేసి వాడుకోని చందాలూ ఉన్నాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద పోతుంది. శాఖా గ్రంథాలయానికి వెళ్లి చదువుకోకపోతే నష్టం మనదే. కేంద్రం మూడేళ్లకు 6 వేల కోట్లు పెట్టి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల పరిశోధన పత్రికలను 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తోంది. దాని పేరు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదివే మన పిల్లలు ఆ లాగిన్ ఎలాగో లైబ్రేరియన్‌ను అడిగి తీసుకోవాలి.

ఇలా మిగిల్చిన డబ్బులో కొంత నేను తెలుగు పత్రికల చందాకు పెడతాను. చతుర, విపుల పత్రికలు 2021లో ఆగిపోయినప్పుడు బాధపడిన వాళ్లం ఎందరమో ఉన్నాం, చివరి రోజుల్లో చందా కట్టిన వాళ్లం ఎందరం? పెద్ద సినిమా యాప్‌కు నేను చందా మానేస్తే దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. సాహిత్యానికి అంకితమైన చిన్న పత్రికకు వందమంది మానేస్తే సంచిక ఆగిపోతుంది, అందులో రాసే మన సీమ కథకుడికి చోటు పోతుంది. మన డబ్బు మీద ఆధారపడి బతికేదేదో చూసి కట్టే చందాకు మించినది లేదు.