ఏ చెరువులో స్నానం?

ముక్కు దిబ్బడ, అప్పుడప్పుడు నెత్తురు చుక్కలు. ఈ బాధతో తెనాలిలోనో బాపట్లలోనో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లినవాణ్ణి “స్నానం ఎక్కడ చేస్తారు?” అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. రైనోస్పోరిడియోసిస్ విషయంలో మాత్రం ఆ ప్రశ్న అడగని డాక్టరు సగం దారి తప్పినట్టే.

అరుదైన జబ్బే, కానీ దక్షిణ భారతం, శ్రీలంకల్లో పాతుకుపోయింది. నిలవ నీటిలో మునిగేవాళ్లలో, ఏటి ఇసుక తవ్వేవాళ్లలో ఎక్కువగా కనిపించింది. ముక్కు లోపలి పొర ఎక్కడో గీరుకుంటే అక్కడినుంచి సూక్ష్మజీవి దూరుతుందని డాక్టర్ల అంచనా. ఒకరినుంచి ఒకరికి అంటదు. వేసవిలో కాలువలు కట్టేశాక రేపల్లె వైపు పల్లెల్లో గేదెలు దిగిన చెరువులోనే మనుషులూ దిగడం కొత్తేమీ కాదు. అందుకే ఆ ప్రశ్న.

టార్చి వేసి చూస్తే ముక్కులో ఎర్రటి మెత్తని కండ, దాని మీద ఆవగింజకన్నా చిన్న తెల్లటి చుక్కలు. తాకితే చాలు, రక్తం. అయినా కంటిచూపుతో తీర్పు చెప్పకూడదు. మామూలు పాలిప్ కావచ్చు, కణితీ కావచ్చు.

అసలు తీర్పు పెథాలజిస్టుది. ల్యాబులో కల్చర్ పెడదామంటే ఈ జీవి పెరగదు, స్లైడే దిక్కు. రంగు వేసిన పలచటి పొరలో మందపాటి గోడల గుండ్రటి సంచులు, చిన్నవీ పెద్దవీ, కనిపిస్తాయి. పెద్ద సంచుల్లో వేలకొద్దీ బీజాలు కిక్కిరిసి ఉంటాయి, ఒకటీ అరా పగిలి బీజాలను బయటికి వదులుతుంటాయి. ఒకసారి చూసిన కన్ను మళ్లీ పొరబడదు.

1900లో అర్జెంటీనాలో సీబర్ దీన్ని వర్ణించాడు. 1923లో ఎడిన్‌బరోలో ఆష్‌వర్త్ దీని జీవితచక్రం వివరించి, శిలీంధ్రమన్నాడు. 1990ల చివర్లో జన్యువులు చూస్తే శిలీంధ్రం కాదు, చేపల పరాన్నజీవులకు చుట్టమని తేలింది. డెబ్బై ఏళ్లకు పైగా పుస్తకాల్లో తప్పు గదిలో కూర్చుందన్నమాట!

వైద్యం కత్తితోనే: కండ కోసి, మొదలును కరెంటుతో కాల్చాలి. కుష్ఠుకు వాడే డాప్సోన్‌ను కొందరు తోడుగా ఇస్తారు. అయినా తిరగబెట్టే జబ్బు.

కండ తీయించుకున్నవాళ్లు ఆ ముక్కను బయాప్సీకి పంపారా అని అడగండి. రిపోర్టు కాగితం భద్రంగా దాచండి. మళ్లీ నెత్తురు కనిపిస్తే ఆ కాగితం పట్టుకునే ఆసుపత్రికి వెళ్లండి.