ఆయువుపట్టు ఎక్కడుంది?

కిందటేడు చలికాలంలో ఒక శుక్రవారం సాయంత్రం హూరాలోని మా ఫ్లాట్‌లో కూర్చుని టీ తాగుతున్నాను. పదో క్లాసు చదువుతున్న మా అమ్మాయి వచ్చి "నాన్నా, ఒకసారి నించో" అంది. నించున్నాను. మోచేతికి కాస్త కింద బొటనవేలితో గట్టిగా నొక్కింది. తర్వాత చెవి కింద రెండు వేళ్ళతో ఒక పోటు పొడిచింది. రెండు క్షణాలు నా మొహంలోకి చూసి, "పడిపోవట్లేదేంటి?" అంది.

నొప్పి పుట్టిన మాట నిజమే. పడిపోలేదు. చేతిలో టీ కూడా ఒలకలేదు.

ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పుతామంటే నెలరోజుల క్రితం ఒక క్లాసులో చేర్పించాం. మనిషి ఒంట్లో కొన్ని రహస్యమైన చోట్లుంటాయనీ, అక్కడ వేలితో తాకితే ఎంతటి మొనగాడైనా కుప్పకూలతాడనీ, కొన్నింటిని తాకితే మూడోరోజుకి ప్రాణమే పోతుందనీ అక్కడి మాస్టారు చెప్పారట. మా అమ్మాయి నామీద చేసింది మొదటి ప్రయోగం. అది విఫలమయ్యాక తనన్న మాటే నాచేత ఈ వ్యాసం రాయిస్తోంది. "నేనే సరిగ్గా నొక్కలేదేమో నాన్నా" అంది. మాస్టారిని అనుమానించలేదు. విద్యనీ అనుమానించలేదు. తన వేలినే అనుమానించింది.

నవ్వి ఊరుకునేవాణ్ణే గానీ, ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నవాణ్ణే.

1996 వేసవిలో 'భారతీయుడు' వచ్చింది. మా ఇంటర్ పరీక్షలయిపోయిన రోజులు. నా వయసువాళ్ళలో ఆ సినిమా ఒక్కసారే చూసినవాళ్ళు తక్కువ. పండుముసలి సేనాపతి రెండు వేళ్ళు మడిచి ఎక్కడో తాకగానే లంచగొండి అధికారి కొయ్యబారిపోతాడు. హాల్లోంచి బయటికొచ్చే ప్రతి కుర్రాడి చేతివేళ్ళూ అదే ముద్రలో ఉండేవి. ఆ ఏడే ఇంజనీరింగ్‌లో చేరాం. హాస్టల్లో ఒక రాత్రి, పందెం మీద, నా రూమ్మేటు మెడ పక్కన అరచేతి అంచుతో కొట్టాను. వాడు నిలువునా కూలిపోయాడు. నాలుగైదు సెకన్లలో లేచి కూర్చుని, ఏమైందని అడిగాడు. హాస్టలంతా చప్పట్లు కొట్టింది. నాలుగేళ్ళపాటు నా పేరు 'సేనాపతి'. వాణ్ణి డాక్టరుకి చూపిద్దామని ఒక్కడికీ తట్టలేదు. తర్వాత ఇంకో ఇద్దరిమీద ప్రయత్నిస్తే ఏమీ కాలేదు. అప్పుడు నేననుకున్నదీ అదే, "సరిగ్గా తగల్లేదేమో" అని.

ఇన్నేళ్ళ తర్వాత ఆ సినిమాని మళ్ళీ చూశాను. ఈసారి వేళ్ళకంటే కత్తి ఎక్కువ కనిపించింది. గమనించారో లేదో, సేనాపతి వేళ్ళతో మనిషిని కదలకుండా చేస్తాడు గానీ చంపడానికి మాత్రం నడుముకున్న కత్తే తీస్తాడు. చివరికి కన్నకొడుకుని చంపినా కత్తితోనే. కథకి వేళ్ళతో పనేమిటి మరి? చెయ్యి చాపితే తప్ప ఫైలు కదపని మనిషికి ఇప్పుడు చెయ్యి కదలదు. నోటిమాటతో పేదవాణ్ణి నిలబెట్టి ఏడిపించినవాడికి నోరు పెగలదు. నిస్సహాయత అంటే ఏమిటో అధికారికి ఒక్క నిమిషం రుచి చూపించడం, అదీ ఆ వేళ్ళు చేసే పని. అది కవిన్యాయం. శరీరశాస్త్రం కాదు. శంకర్ కథ కోసం వాడిన ఉపమానాన్ని మేం పాఠంగా నేర్చుకున్నాం.

ఈ ఉపమానం మనకి కొత్తదీ కాదు. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం ఎక్కడుంది? ఏడు సముద్రాల అవతల చిలకలో. వాణ్ణి ఎదిరించి గెలవడం రాజులవల్లే కాలేదు. ఆ చిలక జాడ తెలిసిన పసివాడు బాలవర్ధిరాజు గెలిచాడు. బలవంతుడి ప్రాణం ఎక్కడో ఒక చిన్న చోట దాగి ఉంటుందనీ, ఆ చోటు తెలిస్తే బలహీనుడు కూడా గెలుస్తాడనీ చెప్పే కథ అది. ఆ చిలకని తెచ్చి ఒంట్లోనే పెట్టేస్తే అదే మర్మకళ. పొట్టి కుర్రాళ్ళకీ, ముసలివాళ్ళకీ, ఆడపిల్లలకీ ఈ కథ ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పాలా? వీసా కాగితాల కోసం కౌంటర్ల ముందు నిలబడి వచ్చిన మాబోటి ఉద్యోగస్తులకీ అందుకే నచ్చుతుంది.

కథలు పెరుగుతూ పోవడం కూడా చూడండి. 1996లో వేలితో తాకాలి. 2011లో వచ్చిన 'సెవెన్త్ సెన్స్'లో విలన్‌కి తాకే పని కూడా లేదు, చూస్తే చాలు, జనం ఒకర్నొకరు చంపుకుంటారు. మధ్యలో 2004లో హాలీవుడ్ 'కిల్ బిల్' రెండోభాగంలో ఐదు వేళ్ళపోట్లు తిన్నవాడు ఐదడుగులు నడిచి పడిపోతాడు. 1973 జూలై 20న హాంకాంగ్‌లో బ్రూస్ లీ 32 ఏళ్ళకే చనిపోతే, మెదడు వాచి పోయాడని వైద్యులు చెప్పినా, ఎవరో చైనా గురువు పెట్టిన మృత్యుస్పర్శ అని మా ఊరి కరాటే మాస్టారి దాకా అందరూ నమ్మారు. అంతటి వీరుడు మామూలుగా పోవడం కథకి అతకదు కదా!

సరే, శాస్త్రమేమంటుంది? మన దగ్గరున్న పాత జాబితా సుశ్రుతుడిది. శారీరస్థానంలో 107 మర్మాలు చెప్పాడు. వెంటనే ప్రాణం తీసేవి 19, కొంతకాలానికి తీసేవి 33, గుచ్చుకున్న బాణాన్ని లాగితేనే ప్రాణం పోయేవి 3, అవిటితనం తెచ్చేవి 44, నొప్పి పెట్టేవి 8. ఆ 'వెంటనే' అన్నదానికి కూడా ఏడురోజుల గడువుంది. గుండె, బొడ్డు, మూత్రాశయం, కణతలు అందులో ఉన్నాయి. చదువుతుంటే నాకు కొట్టేవాడి పుస్తకంలా అనిపించలేదు. యుద్ధంలో దెబ్బతిని వచ్చినవాణ్ణి చూసి, వీడు బతుకుతాడా, ఎక్కడ కత్తి పెట్టకూడదు అని లెక్క వేసుకునే శస్త్రవైద్యుడి పుస్తకంలా అనిపించింది. ఆ గాయాలు బాణాలవీ కత్తులవీ. వేలివి కావు. తమిళ సంప్రదాయం ఈ లెక్కని 108 చేసి వర్మం అంది. సంస్కృతంలో వర్మమంటే కవచం. కాపాడే మాటా, కాపాడుకోవలసిన చోటూ ఒక్క పేరుకింద చేరడం నాకు ముచ్చటగా ఉంటుంది. మన తెలుగులో మర్మమంటే రహస్యమనే స్థిరపడింది. అసలు తిరకాసంతా ఆ రహస్యంలోనే ఉందని నా అనుమానం.

కేరళ మిత్రుడొకాయన మా వీధిలోనే ఉంటారు. చిన్నప్పుడు ఏడేళ్ళు కళరి నేర్చుకున్నారు. "మీ గురువుగారు మర్మాలు నేర్పారా చేట్టా?" అని అడిగాను. "లేదు. అవి ఆఖర్న, ఒక్క శిష్యుడికే చెప్తారు. ముందు తిప్పి బతికించడం రావాలి, తర్వాతే కొట్టడం" అన్నారు. ఆ శిష్యుడికి నేర్పగా చూశారా అంటే లేదన్నారు. ఆయన మాటలో గురువు మీద గౌరవం ఉంది, నాకూ ఉంది. బతికించడం వస్తేనే కొట్టడం నేర్పాలన్న నియమం ఏ కాలానికైనా గొప్పదే. కానీ పరీక్షకి దొరకని విద్యకి ఒక సౌకర్యం ఉంది. అది ఎప్పుడూ ఓడిపోదు. ఎముకలు కట్టే పుత్తూరు కట్టుకి ఆ సౌకర్యం లేదు. కట్టు విప్పాక చెయ్యి వంకరగా ఉంటే ఊరంతా చూస్తుంది.

పరీక్షకి దొరికినప్పుడేమైంది? 2006లో జపాన్‌లో యనాగి ర్యూకెన్ అనే గురువు పందెం కట్టి బరిలోకి దిగాడు. ఆయన చెయ్యి ఊపితే శిష్యులు తాకకుండానే పల్టీలు కొట్టేవారు. ఎదుట ఉన్నవాడు శిష్యుడు కాడు. క్షణాల్లో గురువుగారి మొహం రక్తసిక్తమైంది. ఆ దృశ్యం చూసి నాకు నవ్వు రాలేదు. ఆయన మోసగాడైతే బరిలోకి వచ్చేవాడా? ఏళ్ళ తరబడి శిష్యులు పడుతూ ఉంటే తనకి నిజంగానే శక్తి ఉందని నమ్మాడు. పడకపోతే తమ లోపమేనని శిష్యులు నమ్మారు. మా అమ్మాయి నమ్మినట్టే.

2008 మార్చి 3న ఇండియా టీవీలో మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది. మంత్రంతో నిమిషాల్లో చంపగలనన్న తాంత్రికుడు సురీందర్ శర్మని, ఏదీ నన్ను చంపమని హేతువాది సనాల్ ఎడమరుకు సవాలు చేశారు. గంటలు గడిచాయి, ఆయన నవ్వుతూనే కూర్చున్నారు. నిన్ను ఏదో గొప్ప దేవుడు కాపాడుతున్నాడన్నాడు తాంత్రికుడు. నేను నాస్తికుణ్ణన్నారు ఎడమరుకు. మంత్రం వేరు, వేలిపోటు వేరు. సాకు మాత్రం ఒకటే: లోపం ఎప్పుడూ అవతలివాడిలోనే.

ఇక్కడితో ఆపేస్తే నా విమర్శ సగమే. ఎందుకంటే దెబ్బకి మనుషులు చచ్చిపోతారు. 2014 నవంబరులో సిడ్నీలో ఫిలిప్ హ్యూస్‌కి మెడమీద బంతి తగిలితే మెదడుకి పోయే ధమని చిట్లి రెండురోజులకి చనిపోయాడు. ఛాతీమీద ఒక మోస్తరు దెబ్బ తగిలి, ఎముక కూడా విరక్కుండా, గుండె ఆగి పడిపోయినవాళ్ళున్నారు. దానికి కమోషియో కార్డిస్ అని పేరు. మత్తిచ్చిన పందుల ఛాతీకి బేస్‌బాల్ తగిలించి చేసిన ప్రయోగాలు 1998లో అచ్చయ్యాయి. గుండె ఒక కొట్టుకి మరో కొట్టుకి మధ్య తేరుకునేటప్పుడు, 15 నుంచి 30 మిల్లీసెకన్ల ముందు, అంత చిన్న సందులో దెబ్బ పడితేనే లయ చెదిరిపోయింది.

మా వృత్తిలో ఇలాంటివాటిని రేస్ కండిషన్ అంటాం. రెండు పనులు సరిగ్గా ఒకే క్షణాన ఢీకొంటే తప్ప బయటపడని బగ్. లెక్క వేద్దాం. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకి ఒక్కో కొట్టుకి 800 మిల్లీసెకన్లు. అందులో ఆ సందు రెండు శాతం. మన కన్ను చూసి చెయ్యి కదలడానికే దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఎదుటివాడి గుండె ఎప్పుడు కొట్టుకుంటోందో కనిపించదు కూడా. అంటే మృత్యుస్పర్శ ఉంది, గురిపెట్టి కొట్టగల గురువే లేడు. అది విద్య కాదు, ప్రమాదం.

మూడురోజుల తర్వాత చావన్నది కూడా ఉత్తికల్పన కాదనుకుంటాను. తలకి దెబ్బ తగిలినవాడు లేచి నడిచి ఇంటికెళ్ళి, లోపల రక్తం గూడుకట్టి ఆ రాత్రో మర్నాడో పోవచ్చు. ప్లీహం కొన్ని రోజుల తర్వాత చిట్లవచ్చు. తగవులో దెబ్బతిన్నవాడు తర్వాత పోతే, స్కానింగులు లేని రోజుల్లో ఊరివాళ్ళు ఏమనుకుంటారు? కొట్టినవాడికి ఏదో తెలుసు అనుకుంటారు.

నా రూమ్మేటు సంగతీ అలాగే తెలిసింది. మెడ పక్కన పెద్ద ధమని చీలేచోట రక్తపోటుని కనిపెట్టే సెన్సర్ లాంటిది ఉంటుంది. అక్కడ దెబ్బ పడితే పోటు పెరిగిపోయిందన్న తప్పుడు రీడింగు మెదడుకి వెళ్తుంది. గుండె నెమ్మదించి మనిషి స్పృహ తప్పవచ్చు. అందరికీ అలా కాదు, అందుకే తర్వాతి ఇద్దరూ పడలేదు. కానీ అదే దెబ్బకి అరుదుగా ధమని లోపలి పొర చీలి పక్షవాతం కూడా రావచ్చట. ఈ ముక్క చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు వాడికి ఫోన్ చేశాను. సియాటిల్లో ఉన్నాడు, శుభ్రంగా ఉన్నాడు. "ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత పరామర్శా సేనాపతీ?" అని నవ్వాడు.

ఈ కథలమీద నా అసలు ఫిర్యాదు ఇదీ. అబద్ధం చెప్పాయని కాదు. కథలు అబద్ధాలు చెప్పక ఏం చేస్తాయి? పనిచెయ్యనిదాన్ని నమ్మించి, నిజంగా ప్రమాదమైనదాన్ని ఆటగా చూపించాయి. మెడమీద కొట్టడం ఎంత ప్రమాదమో మాకు చెప్పలేదు. చెవికింద వేలిపోటు ఎంత నిష్ఫలమో మా అమ్మాయికీ చెప్పలేదు.

బహ్రెయిన్‌లో ఉన్నవాళ్ళకి ఎమ్ఎమ్ఏ పోటీల గురించి చెప్పక్కర్లేదు. 2017 నుంచి 2019 దాకా వరుసగా మూడేళ్ళు ప్రపంచ అమెచ్యూర్ పోటీలు ఇక్కడే జరిగాయి. 'ప్రాణాంతకమైనవి అక్కడ నిషేధం, అందుకే మా విద్య అక్కడ కనిపించదు' అంటారు మర్మవాదులు. నిజమే, నిషేధాలున్నాయి. కళ్ళు, గొంతు, తల వెనకభాగం, వెన్నెముక. నిజమైన ఆయువుపట్లు ఇవే. ఎవరికీ ప్రమాణం చెయ్యక్కర్లేకుండా నియమావళిలో అచ్చేసి పెట్టారు. ఇక అనుమతించినవాటిలో దవడ, కాలేయం పనిచేస్తాయి. కాలేయం దగ్గర దెబ్బ తిన్నవాడు ఒక క్షణం నిలబడి, అప్పుడు ముడుచుకుపోవడం చూసేవుంటారు. కానీ వేలితో కాదు. తప్పించుకునేవాడిమీద, తిరిగి కొట్టేవాడిమీద రోజూ సాధన చేసిన చేతితో.

మా అమ్మాయిని ఆ క్లాసు మాన్పించాను. మొదట అలిగింది. అరవడం, విదిలించుకోవడం, పరిగెత్తడం, నిజంగా పట్టుకుని వదలని మనిషితో సాధన చెయ్యడం నేర్పే చోట ఇప్పుడు చేరింది. ఒంటినిండా కమిలిన మచ్చలతో వస్తోంది. దానితోపాటు గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కే శిక్షణకి ఇద్దరం వెళ్ళాం. 2023 జనవరిలో అమెరికాలో డామర్ హామ్లిన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు ఛాతీకి దెబ్బ తగిలి మైదానంలోనే గుండె ఆగి పడిపోతే, అక్కడికక్కడే ఛాతీ నొక్కి, షాకిచ్చి బతికించారు. అతను మళ్ళీ ఆడాడు కూడా.

రబ్బరు బొమ్మ ఛాతీమీద, నిమిషానికి నూటికి తక్కువ కాకుండా లెక్కపెడుతూ నొక్కి నొక్కి, చెమటలు కక్కుతూ లేచింది మా అమ్మాయి. "ఇదైనా పనిచేస్తుందా నాన్నా?" అంది.

"చాలాసార్లు చెయ్యదు. కానీ ఎన్నిసార్లు చేసిందో, ఎన్నిసార్లు చెయ్యలేదో లెక్క రాసిపెట్టారు" అన్నాను.

కాసేపు ఆలోచించి, మళ్ళీ బొమ్మ పక్కన మోకాళ్ళమీద కూర్చుంది.