ఖాళీగా ఉన్నప్పుడు అల్లిన లేసు

మొన్నమొన్నటి దాకా నాకు కొక్కెం సూది పట్టుకోవడం కూడా తెలియదు. కానీ లేసు అల్లే ఆడవాళ్ల గురించి ఇరవై ఏళ్లు క్లాసులో పాఠం చెప్పాను. మరియా మీస్ రాసిన ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ మా కోర్సులో ఉండేది. మా అమ్మమ్మది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చేతిలో సూదీ దారం లేకుండా ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. అమ్మమ్మ గురించి చెప్పి ఆ పుస్తకాన్ని విద్యార్థినులకి దగ్గర చేస్తున్నాననుకునేదాన్ని. ఆవిడ పోయాక ఒక వ్యాసం కూడా రాశాను. అందులో ఒక వాక్యం: ‘తీరిక దొరికినప్పుడల్లా లేసు అల్లుకునేది.’ ఆ వాక్యం ఎంత తప్పో రిటైరయ్యాక, కొల్లూరులో, ఒకామె పక్కన కూర్చుని సూది పట్టాక గానీ నాకు తెలియలేదు.

మేముండేది ఔటర్ రింగు రోడ్డు పక్కన లేచిన అపార్టుమెంట్లలో. ఆమె ఉండేది 2023 జూన్‌లో ప్రారంభమైన డబుల్ బెడ్‌రూం కాలనీలో. 15,660 ఇళ్లు అక్కడ. హైదరాబాదు బస్తీల్లో అద్దెకుండే ఎంతోమందికి ఇల్లు దొరికింది గానీ, వాళ్లు పనిచేసే ఇళ్లు మాత్రం నగరంలోనే ఉండిపోయాయి. ఆమె కూడా అలాగే పాత పని పోగొట్టుకుని మా వైపు మూడిళ్లలో కుదిరింది. ఒకరోజు టీపాయ్ తుడవబోతూ దాని మీదున్న అమ్మమ్మ లేసు గుడ్డ ఎత్తింది. తిరగేసి చూసి, “ఇది మా వైపుదండీ” అంది. నరసాపురం పక్క పల్లె ఆమెది. పెళ్లయి హైదరాబాదు వచ్చేదాకా పదకొండేళ్లు లేసు అల్లిందట. నాకు నేర్పుతారా అని అడిగాను. నవ్వింది. “మీకెందుకండీ ఇప్పుడు?” అంది. జవాబు నాకూ సరిగ్గా తెలియదు.

నా దగ్గర ఒక పుస్తకం ఉంది. అలాంటి పుస్తకాలన్నీ ఒకే వరసలో నడుస్తాయి. మొదట గొలుసు. తర్వాత పొట్టి కుట్టు. సూది మీద ఒకసారి దారం చుట్టి లాగితే పొడుగు కుట్టు, రెండుసార్లు చుడితే ఇంకా పొడుగుది. ఒకే కన్నంలో అయిదు పొడుగు కుట్లు వేస్తే గవ్వ ఆకారం. మూడు గొలుసులు వేసి వెనక్కి తిరిగి మొదటిదాంట్లో కలిపితే అంచుకి చిన్న మొగ్గ. చివరికి నిండు డిజైను. తేలికదానితో మొదలై అందమైనదానికి చేరే నిచ్చెన. మన స్త్రీల పత్రికల ‘కుట్లు అల్లికలు’ పేజీలు ఎక్కించిందీ ఇలాంటి నిచ్చెనే. ‘తీరిక వేళల్లో మీ ఇంటిని అందంగా...’ అనే వాక్యం చదవని వాళ్లం మనలో ఎవరం?

మొదటి మెట్టు దగ్గరే నేను మూడు వారాలు ఆగిపోయాను. ఒక గొలుసు బిగుతుగా, పక్కది వదులుగా వచ్చేది. “దారాన్ని అలా బిగబట్టేస్తే ఎలాగండీ, వేలి మీదనించి దాన్ని పోనివ్వాలి” అనేది ఆమె. చిటికెన వేలికి ఒక చుట్టు, చూపుడు వేలి మీదుగా సూదికి. ఎంత పోనివ్వాలో, ఎంత ఆపాలో చూపుడు వేలికి తెలియాలి. చక్రంలా అల్లేటప్పుడు లెక్క కూడా తోడయింది. మొదటి చుట్టు 12 పొడుగు కుట్లయితే రెండోది 24, మూడోది 36. పెంచడం మరిచిపోతే గుడ్డ గిన్నెలా ముడుచుకుపోతుంది. ఎక్కువ పెంచితే కుచ్చులు పడుతుంది. నేను కాగితం మీద రాసుకుంటూ, లెక్క తప్పి విప్పుతూ ఉంటే, ఆమె టీవీ చూస్తూ చేతిలోకి చూడకుండా సరిగ్గా వేసేది.

“మీకు మొదట ఏం నేర్పారు, గొలుసా?” అని అడిగాను.

“మాకు వరసలేమిటండీ! పువ్వు చూపించారు, పువ్వు అల్లాం.”

ఏడేళ్ల వయసులో అమ్మ పక్కన కూర్చుని నేర్చుకుందట. పదకొండేళ్లూ దాదాపు అదే పువ్వు. ఏజెంటు దారం ఇస్తాడు, ఇంత దారానికి ఇన్ని పువ్వులు, ఇంత డబ్బు. అతుకు పని వేరే వాళ్లది. ఆ పువ్వులన్నీ కలిస్తే ఏమవుతుందో, బల్ల మీద గుడ్డో, మంచం దుప్పటో, ఆమె ఎప్పుడూ చూడలేదు. మా ఇంట్లో అమ్మమ్మ గుడ్డ తిరగేసి చూసింది అందుకే. అతుకు ఎక్కడ పడిందో వెతికింది.

అది విన్నాక నా పుస్తకంలోని నిచ్చెన వేరుగా కనిపించింది. మొదటి కుట్టు నుంచి నిండు డిజైను దాకా ఎక్కే హక్కు అభిరుచి కోసం నేర్చుకునే నాలాంటి వాళ్లకే ఉంది. బతుకు కోసం అల్లినామెకి ఒక్క మెట్టే ఇచ్చారు, దానిమీదే పదకొండేళ్లు నిలబెట్టారు.

మీస్ 1970ల చివర నరసాపురం ప్రాంతంలో తిరిగి, 1982లో ఈ పుస్తకం వేశారు. ఇళ్లలో కూర్చుని లేసు అల్లే స్త్రీలు ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారు చేస్తున్నారని, అయినా వాళ్లని అందరూ ‘గృహిణులు’ అనే అంటున్నారని, ఆ పేరే వాళ్ల కూలిని తొక్కిపెడుతోందని ఆమె చూపించారు. రోజుకి ఎనిమిది గంటల పనికి సగటున 56 పైసలు. పొలానికి పోయే దళిత స్త్రీల కూలి అంతకంటే ఎక్కువ. గడప దాటకపోవడం గౌరవమనుకున్న పేద కాపు స్త్రీలు ఆ గౌరవానికి ఎంత ధర కట్టారో ఆ పోలిక చెబుతుంది. ఏజెంట్లూ ఎగుమతిదారులూ మగవాళ్లే. గృహిణీకరణ అనే మాట ఈ నేల మీద నుంచే ప్రపంచ స్త్రీవాద చర్చలోకి వెళ్లింది. 2023లో మీస్ చనిపోయినప్పుడు నేను మళ్లీ ఆ పుస్తకం తీశాను.

ఇప్పుడు నా పేచీ పుస్తకంతో కన్నా నేను దాన్ని చెప్పిన తీరుతో. 56 పైసలు బోర్డు మీద రాసేదాన్ని. దోపిడీ అనేదాన్ని. విద్యార్థినులు నోట్సు రాసుకునేవారు. అక్కడితో పాఠం అయిపోయేది. ఆ స్త్రీలకి ఏమి ఇవ్వలేదో చెప్పాను గానీ, వాళ్లకి ఏమి వచ్చో నేను ఒక్కసారీ అడగలేదు. మూడు వారాలు గొలుసు కుదరని చేతికి ఇప్పుడు అర్థమైంది: ‘తీరిక’ అనే మాట గంటల్ని, కూలిని మాత్రమే కాదు, నేర్పునీ మింగేస్తుంది. ఏడేళ్ల పిల్ల అమ్మ పక్కన కూర్చున్న ఆ రోజులు ఏ లెక్కలోకీ రావు. ఆడపిల్ల వేళ్లకి అది పుట్టుకతో వస్తుందని అందరం నమ్మాం కదా. మగపిల్లవాడు వడ్రంగం నేర్చుకుంటే పని నేర్చుకున్నాడంటాం. ఆడపిల్ల లేసు నేర్చుకుంటే అమ్మకి ఆసరాగా ఉందంటాం.

ఇంకొకటీ మరిచిపోతాం. 19వ శతాబ్దంలో మిషనరీలు గోదావరి జిల్లాల్లో ఈ పని మొదట నేర్పింది క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ స్త్రీలకి. దాదాపు అదే కాలంలో ఐర్లండులో కరువు బారిన పడ్డ ఇళ్లకి ఆధారమైందీ క్రోషే లేసే. ఆకలి ఉన్న చోటికే ఈ సూదిని పంపారు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అది ఊరి పేరుని కాపాడుతుంది. పువ్వుకి ఎంతివ్వాలో మాత్రం చెప్పదు. వారసత్వం అన్నప్పుడు ఆ మొదటి స్త్రీల పేర్లు ఎవరూ తలుచుకోరు.

కొల్లూరు నుంచి పటాన్‌చెరు వైపు వెళ్తే రోడ్డుకి రెండు వైపులా ఫ్యాక్టరీలు. అల్లిక యంత్రాలు ఎన్ని వచ్చినా అసలైన క్రోషేని అచ్చంగా చేతిలా అల్లే యంత్రం మార్కెట్టులోకి రాలేదు. పోలికలున్న గుడ్డ నేస్తాయి, అంతే. అంటే దుకాణంలో చవగ్గా దొరికే క్రోషే టోపీ వెనక కూడా ఎవరో ఒకరి చూపుడు వేలు ఉంది. ఆ ధరలో ఆ వేలికి ఎంత చేరి ఉంటుందో లెక్క వేసుకోవచ్చు.

నా లెక్క కూడా చెప్పాలి. నెలాఖరున డబ్బులిస్తే ఆమె తీసుకోలేదు. “ఖాళీగా ఉన్నప్పుడేగా నేర్పింది, డబ్బులేమిటండీ” అంది. ఖాళీ. మూడిళ్లలో గిన్నెలు తోమి, నాలుగింటికి ఇంకో ఇంటికి వెళ్లేలోపు దొరికే ఆ రెండు గంటలకి ఆమె పెట్టుకున్న పేరు అది. ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించిన మాట కూడా నిజం. ఆమె ప్రేమగా నేర్పుతోంది, దాన్ని డబ్బుతో చెడగొట్టడమెందుకు అనుకున్నాను. ఏజెంటు అనుకునేదీ అదేగా! మా బ్లాకులో పిల్లలకి లెక్కలు చెప్పే ఆయన గంటకి ఎంత తీసుకుంటాడో కనుక్కుని అంతే కట్టాను. పువ్వుకింత అని కాదు, గంటకింత. కాసేపు వాదించి తీసుకుంది. మర్నాడు అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, “అయిదు నిమిషాలు కోసుకోండి” అంది. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, మా మధ్య అది తేలికైన నవ్వు కాదు. ఆ డబ్బు మాట ఎత్తినంత మాత్రాన నేను సోఫాలో, ఆమె పీట మీద కూర్చునే అలవాటు పోలేదు. దాన్ని మార్చడానికి ఇంకో నెల పట్టింది.

అమ్మమ్మ మీద నేను రాసిన వ్యాసం ఒక సంకలనంలోకి మళ్లీ వెళ్తోంది. ఆ వాక్యం దిద్దాను. ‘మా అమ్మమ్మ లేసు పని చేసేది. ఏ వయసులో నేర్చుకుందో, రోజుకి ఎన్ని గంటలు అల్లిందో, ఎంత వచ్చేదో మేమెవరం అడగలేదు. మా అమ్మ స్కూలు ఫీజు ఆ డబ్బుతోనే కట్టేవారు.’