చర్చి పెంచండి, గోడలకు సిమెంటు పూయకండి

జనం పెరిగిన ప్రతి పాత చర్చిలోనూ క్రిస్మస్ దగ్గరపడేసరికి ఒకటే మాట: చోటు చాలడం లేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు కూడా అంతే. సగం సంఘం షామియానా కింద కూర్చుంటుంది. పండుగ కాగానే కమిటీలో వాదన మొదలు. కూల్చేసి స్లాబు వేద్దామని ఒకరంటారు. పాత గోడలకు సిమెంటు పూసి, టైల్స్ అతికించి, ఓ పక్క హాలు కలిపేద్దామని ఇంకొకరంటారు. రెండోది పొదుపుగా కనిపిస్తుంది కానీ, నా లెక్కలో అదే ఎక్కువ ప్రమాదం. కూల్చితే అందరికీ కనిపిస్తుంది. సిమెంటు మాత్రం గోడను లోపలి నుంచి తినేస్తుంది, పదేళ్లదాకా ఎవరికీ తెలియదు.

పాత గోడల్లో రాళ్ల మధ్య ఉన్నది సున్నం. బట్టీలో కాల్చిన సున్నపురాయిని నీళ్లలో విరియబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో రుబ్బేవారు. గుండ్రటి కాలువలో రాతి చక్రం, దాన్ని తిప్పే ఎద్దులు. ఎంత నలిగితే అంత పట్టు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవారు. పైపూతకు కొన్నిచోట్ల కోడిగుడ్డు తెల్లసొన కూడా. ఈ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. అందుకే పూత పూతకూ ఆగాలి, గోనెపట్టాలు కప్పి తడుపుతుండాలి.

సున్నపు గోడ చెమ్మను పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. పునాది నుంచి పైకెక్కిన తడి బయటికి రాలేక లోపలే తిరుగుతుంది, ఉప్పు పూస్తుంది, పెచ్చులు రాలతాయి. అప్పుడు కమిటీ మళ్లీ సిమెంటే పూయిస్తుంది!

సున్నం బలం మీద అనుమానమున్నవాళ్లు మెదక్ నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో పోచారం ఆనకట్ట చూడాలి. 1922లో పూర్తయింది, రాయీ సున్నమే. 2025 ఆగస్టు వానల్లో తట్టుకోగలదనుకున్న దానికంటే ఎంతో ఎక్కువ వరద మీద నుంచి దూకినా కట్ట నిలిచింది. కామారెడ్డి జిల్లాలోనే దోమకొండ గడి ఉంది. శిథిలమైన ఆ కోటను పాత పద్ధతిలో బాగుచేయించినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. అంటే ఈ విద్య చచ్చిపోలేదు, మన జిల్లాలోనే పనిచేసి చూపించింది.

చోటు సంగతి. మెదక్ మహాదేవాలయానికి, అంటే అక్కడి పెద్ద చర్చికి, ఈ బాధ లేదు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. దాన్ని కట్టించిన పోస్నెట్ దొర మొదటే వేలమందికి సరిపడా తలపెట్టాడు. కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల కూలీలకు అదే పని, అదే తిండి. 1914లో మొదలైన పని 1924 క్రిస్మస్ నాటి ప్రతిష్ఠతో ముగిసింది. ఊరి చర్చిలు అంత విశాలంగా కట్టినవి కావు, కాబట్టి పెంచక తప్పదు. పెంచేది పక్కన పెంచాలి. కొత్త హాలుకు దాని పునాది, దాని స్తంభాలు దానికే ఉండాలి. పాత గోడ మీద బీము ఆనించకూడదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు చీలుతుంది. పాతదీ కొత్తదీ ఒకే తీరున కదలవు గనుక రెంటి మధ్య సందు వదలాలి. వేదిక కనిపించడానికి గోడ తొలిచేముందు ఆ గోడ పైకప్పును మోస్తోందో లేదో ఇంజనీరు తేల్చాలి.

అంతకంటే ముందు కొలతలు, ఫొటోలు. పగుళ్ల మీద గాజు ముక్క అతికించి ఒక వానాకాలం ఆగితే సరి: గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. చూరునీళ్లు పునాదిలోకి పోకుండా కాలువ తీస్తే సగం జబ్బు మందు లేకుండానే కుదురుతుంది. శిలాఫలకాలు, ఆవరణలోని సమాధులు ప్లానులో మొదటే గుర్తించాలి. జేసీబీ వచ్చాక గుర్తుచేసుకుంటే లాభం లేదు.

మన దగ్గర అసలు చిక్కు డబ్బు కాదు, తొందర. వచ్చే క్రిస్మస్‌కు ప్రారంభోత్సవం అని ముందే ప్రకటించేస్తారు. సున్నం ఆ తేదీని ఖాతరు చేయదు. సంఘపెద్దలకు ఒక్క మనవి: ఎస్టిమేటు రాయించకముందే మీ మేస్త్రీని వెంటబెట్టుకుని దోమకొండ వెళ్లి ఆ గోడలు చూసి రండి. సున్నం పని తెలిసిన మనిషి దొరికాకే ప్రారంభానికి తేదీ పెట్టండి.