ఆరు రంగుల చక్రం

ట్రివియల్ పర్స్యూట్ అనే ప్రశ్నల ఆట బోర్డు మీద, గెలుపు ముక్కలు దక్కే ఒక ముఖ్యగడి నుంచి పక్క ముఖ్యగడికి ఏడు గళ్ల దూరం. పాచిక మీద ఉన్నవి ఆరు చుక్కలే. ఎంత అదృష్టం ఉన్నవాడైనా ఒక్క పందెంలో ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకలేడు. దారిలో ఎక్కడో ఆగాలి. ఆగినచోట ఒక ప్రశ్న ఎదుర్కోవాలి, లేదా మళ్లీ పాచిక వేయమనే గడిలో పడాలి. ఆట మొదలయ్యే నడిమి గడి నుంచి ముఖ్యగడికి మాత్రం సరిగ్గా ఆరు. అందుకే మొదటి పందెంలోనే ముఖ్యగడి చేరిన ధీమా మరు పందానికి నిలవదు. ఈ ఒక్క గడి తేడాను ఎవరు లెక్కవేసి పెట్టారో గానీ వాళ్లకు దణ్ణం పెట్టాలి.

బోర్డు మొత్తం 73 గళ్లు. చక్రం అంచున 42, ఆరు ఆకుల మీద ఐదేసి చొప్పున 30, నడుమ ఒకటి. చూడ్డానికి అలంకారంలా ఉంటుంది గానీ అందులో ఒక్క గడి కూడా దండగ లేదు. అంచున ఉన్నవాటిలో 12 గళ్లలో ప్రశ్న లేదు, ఇంకో పందెం ఉంటుంది. అవి లేకపోతే ఆట నత్తనడక నడిచేది.

ఆడనివారి కోసం రెండు మాటలు. ఆరు విషయాలకు ఆరు రంగులు: భూగోళానికి నీలం, వినోదానికి గులాబి, చరిత్రకు పసుపు, కళా సాహిత్యాలకు గోధుమ (తర్వాతి ముద్రణల్లో ఊదా), విజ్ఞాన ప్రకృతులకు ఆకుపచ్చ, క్రీడలకు నారింజ. ఏ రంగు గడిలో పడితే ఆ రంగు ప్రశ్న. జవాబు సరైతే మళ్లీ పందెం మనదే. ముఖ్యగడిలో సరిగ్గా చెబితే ఆ రంగు ముక్క మన పావులో చేరుతుంది. ఆరూ నిండాక నడిమి గడికి రావాలి, అదీ సరిగ్గా కావలసిన పందెం పడితేనే. అష్టా చెమ్మాలో పావు పండించినవాళ్లకు ఈ అవస్థ కొత్తేమీ కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ పావు. గుండ్రంగా, లోపల ఆరు ఖాళీలతో, అరచేతిలో ఇమిడిపోతుంది. ఎవరు ఎంతదూరం వచ్చారో కాగితం మీద రాసుకోనక్కర్లేదు. బల్లకు అవతలి కొసన కూర్చున్నవాళ్లకు కూడా ఒక్క చూపుతో తెలిసిపోతుంది. ఇంకా లోతైన తెలివి ఒకటుంది: ఒక్కో రంగుకు ఒక్క ఖాళీయే. సినిమాల మీద పాతిక ప్రశ్నలకు జవాబు చెప్పినా దక్కేది ఒక్క గులాబి ముక్క. ఒకే విషయం తెలిసినవాడు ఎంత పండితుడైనా సగంలో ఆగిపోతాడు. అన్నిటిలోనూ కాస్తో కూస్తో తెలిసిన మనిషి, లేదా తలా ఒకటి తెలిసిన జట్టు ముందుకు పోతుంది. ఇంటిల్లిపాదీ ఆడుకోగలగడానికి మూలం ఆ ఆరు ఖాళీలే.

పుట్టుక సంగతి టూకీగా. 1979 డిసెంబరు 15న కెనడాలోని మాంట్రియల్‌లో క్రిస్ హేనీ, స్కాట్ ఆబట్ అనే ఇద్దరు పత్రికా రంగ మిత్రులు స్క్రాబుల్ ఆడదామనుకున్నారు. పెట్టెలో కొన్ని అక్షరాల బిళ్లలు కనిపించలేదు. అయితే మనమే ఒక ఆట తయారు చేద్దాం అనుకున్నారు. హేనీ పత్రికలో ఫొటో ఎడిటర్, ఆబట్ క్రీడా విలేఖరి. రోజూ వార్తల్లో మునిగి తేలేవాళ్లు కాబట్టే ఏ చిన్న సంగతి మనిషిని ఆపి ఆలోచింపజేస్తుందో వాళ్లకు పట్టుబడింది. హేనీ అన్న జాన్, న్యాయవాది ఎడ్ వెర్నర్ జత కలిశారు. బొమ్మలు గీసిన మైకేల్ వర్‌స్ట్‌లిన్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఇవ్వడానికి డబ్బులేక కంపెనీలో వాటా ఇచ్చారు. మొదట తయారుచేసిన 1,100 పెట్టెలకు ఒక్కోదానికి 75 డాలర్లు ఖర్చయితే, దుకాణాలకు 15 డాలర్లకు అమ్మారు. నష్టమని తెలిసీ నాణ్యత తగ్గించలేదు. 1984లో ఒక్క ఉత్తర అమెరికాలోనే రెండు కోట్ల పెట్టెలు అమ్ముడుపోయాయి. 2008లో ఆటవస్తువుల కంపెనీ హాస్‌బ్రో ఆట హక్కులను 8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

పనితనానికి అసలు ఆయువుపట్టు ప్రశ్నల కార్డుల్లో ఉంది. మొదటి పెట్టెలో వెయ్యి కార్డులు, కార్డుకు ఆరు చొప్పున ఆరువేల ప్రశ్నలు. ఆరువేల ప్రశ్నలు పోగుచెయ్యడం కష్టం కాదు. ఆరువేల మంచి ప్రశ్నలు రాయడం కష్టం. "కృష్ణానది పొడవెంత?" అని అడిగామనుకోండి. తెలిస్తే చెబుతాం, లేకపోతే లేదు, అక్కడితో సరి. "గోదావరి పుట్టిన త్ర్యంబకానికి ఏ సముద్రం దగ్గర?" అని అడిగి చూడండి. సగం మంది బంగాళాఖాతం అనేస్తారు. ఒకరు పటం గుర్తు చేసుకుని నాసిక్ ఎక్కడుందో ఆలోచిస్తారు. అరేబియా సముద్రం ఎనభై కిలోమీటర్ల దూరంలోనే ఉందని తేలగానే, ఇంత దగ్గర పెట్టుకుని ఆ నది ఇటెందుకు తిరిగిందని మాట మొదలవుతుంది. మంచి ప్రశ్న జవాబుతో అయిపోదు. ఓడినవాడు కూడా "అరె, ఇది నాకు తెలియాల్సిందే" అనుకోవాలి. ఆ ఒక్క నిట్టూర్పు కోసం ప్రశ్న రాసేవాడు ఎంత తిరగరాస్తాడో రాసినవాళ్లకే తెలుస్తుంది.

ఈ పనిలో ఒక ఉచ్చూ ఉంది. ఫ్రెడ్ వర్త్ అనే రచయిత తన విజ్ఞాన సర్వస్వంలో కావాలనే ఒక అబద్ధం పెట్టాడు: టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని. ఎవరైనా కాపీ కొడితే దొరికిపోతారని అలా చేశాడు. అదే ఫిలిప్ ఈ ఆట కార్డు మీద తేలాడు. వర్త్ 1984లో 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు. అతని పుస్తకం కూడా చూశామని ఆటవాళ్లు దాచలేదు. వాస్తవాలు ఎవరి సొత్తూ కావని కోర్టులు అతని వాదన కొట్టేశాయి. కేసు గెలిచినా కార్డు మీది తప్పు ఒప్పయిపోదు కదా. మనకూ ఇలాంటిదే ఉంది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకం నుంచి పుస్తకానికి ఎక్కుతూ వచ్చింది. పరిశోధకుడు రెంటాల జయదేవ పాత ఆధారాలు వెతికి అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చేవరకూ ఆ ప్రశ్న ఎన్ని క్విజ్‌లలో తప్పు జవాబుతో నడిచిందో!

ఇక ఆఖరి నియమం. ఆరు ముక్కలూ నిండి నడిమి గడి చేరినవాళ్లను ఏ విషయం మీద అడగాలో ఎంచేది ప్రత్యర్థులు. నా లెక్కలో ఈ ఆటలో ఇంతకు మించిన పనితనం లేదు. అప్పటిదాకా లోకం గురించి ఎంత తెలుసని పరీక్ష. అక్కడికి వచ్చాక ఎదుటి మనిషి గురించి మనకెంత తెలుసన్నదే పరీక్ష.

కొనుక్కున్న పెట్టెలో అమెరికా బేస్‌బాల్ ప్రశ్నలు మావాళ్లకు కొరుకుడు పడవు. అందుకని మా ఇంట్లో కొన్ని కార్డులు సొంతంగా రాసుకున్నాం. ఒక పండక్కి మా పెద్దత్తయ్య నడిమి గడి చేరింది. "సినిమాలు వద్దురా, ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య" అన్నాడు బావ. గుసగుసలాడి క్రీడలు ఖాయం చేశాం. ప్రశ్న: ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ పురుషుల సింగిల్స్ గెలిచిన ఇద్దరు భారతీయులు ఎవరు? "ఒకడు మన గోపీచంద్" అంది తడుముకోకుండా. రెండో పేరు దగ్గర కళ్లు మూసుకుంది. కాసేపటికి, "దీపికా పదుకోన్ వాళ్ల నాన్న" అంది.

"పేరు చెప్పాలి అత్తయ్యా."

"ప్రకాషే కదుట్రా!"

గులాబి దారి మూశామనుకుంటే నారింజ గడిలోకి సినిమా దారినే వచ్చింది ఆవిడ. ఆరు రంగులూ విడివిడిగా ఉండేది బోర్డు మీదే. మనిషి బుర్రలో అవి ఒకదాన్ని పట్టుకుని ఒకటి ఉంటాయి. ఆమెను ఓడించడానికి మేం వెతికిన దారే ఆమె గురించి మాకు తెలియని సంగతి చెప్పింది.

పెట్టె దొరకకపోయినా పరవాలేదు. అట్టముక్క మీద చక్రం గీసి, ఆరు రంగులు పూసుకోవచ్చు. వచ్చే పండక్కి వచ్చేవాళ్లందరినీ తలా పది ప్రశ్నలు రాసుకు రమ్మనండి. ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసినవి కొన్ని, పిల్లలకు తెలిసినవి కొన్ని ఉండేలా చూడండి. ప్రతి జవాబునూ కనీసం రెండు చోట్ల సరిచూసి, ఎక్కడ చూశారో కార్డు వెనకే రాసిపెట్టండి.