మాటకు తేలు తోక

అంబేడ్కర్ కథను బొమ్మల్లో చెప్పే ‘భీమాయణ’ పేజీల్లో మాటలకు రూపాలున్నాయి. నెమ్మదిగా మాట్లాడేవాళ్ల మాటలు, దెబ్బ తిన్నవాళ్ల మాటలు పిట్ట ఆకారపు బుడగల్లో ఒదిగి ఉంటాయి. కులం పేరెత్తి కసిరే మాటల బుడగకు మాత్రం చివర తేలు తోక ఉంటుంది, వంపు తిరిగి, కొసన కొండితో. పైకి అనకుండా లోపలే ఉండిపోయిన ఆలోచన పక్కన ఒక కన్ను గీసి ఉంటుంది. అది మనసు కన్ను. ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్ల చేతిలో ఈ పుస్తకం పెట్టినా, ఏ మాట కుట్టేదో ఆ పిల్లకు తెలిసిపోతుంది.

నేను ఈ పుస్తకాన్ని మొదట మెచ్చుకున్నది ఆ తోక కోసమే. ఎదుటివాళ్ల బాధ పిల్లలకు తెలియాలని రాసే పుస్తకాలు చాలావరకు నోటితో బుద్ధి చెబుతాయి. ఎవరినీ నొప్పించకూడదనీ, అందరూ సమానమనీ అంటాయి. పిల్లలు తలూపి పేజీ తిప్పేస్తారు. ఇక్కడ బొమ్మలు వేసినవాళ్లూ కథ రాసినవాళ్లూ కూర్చుని, చెప్పాల్సిన పనిని గీతకు అప్పగించారు.

భోకర్‌లాంటి ఊరికి ఇది బాగా పనికొచ్చే పనితనం. నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ తాలూకాలో కొన్ని ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. ఒకే పిల్లవాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మూడు భాషల మధ్య తిరుగుతాడు. ఏ భాషలో అచ్చు వేసినా తేలు తోక తేలు తోకే. దాన్ని చదవడానికి నిఘంటువు అక్కర్లేదు.

భీమాయణను ఢిల్లీలోని నవయాన సంస్థ 2011లో ప్రచురించింది. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులవి. కథ శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్‌లది. దుర్గాబాయి, సుభాష్ మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు చిత్రకారులు. శ్రీవిద్య నర్తకి, నవలా రచయిత్రి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాట్య చరిత్ర మీద పరిశోధన చేసిన మనిషి. చేతిపని తెలిసిన ఇద్దరు, మాట తెలిసిన ఇద్దరు. ఎవరు ఎవరి కింద పనిచేశారన్న ప్రశ్న పుస్తకం చూస్తే రాదు.

కథకు మూలం అంబేడ్కర్ తానే రాసుకున్న ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. 1930ల్లో రాసిన ఆ చిన్న రచన 1990లో గాని పుస్తకంగా రాలేదు. దాన్ని వీళ్లు నీళ్లు, నీడ, ప్రయాణం అని మూడు భాగాలు చేశారు. ఈ విభజనలోనే సగం పనితనం ఉంది. రాజ్యాంగం, ఎన్నికలు, ఒప్పందాలు పదేళ్ల పిల్లకు దూరం. దాహం దగ్గర. తల దాచుకోను చోటు లేకపోవడం దగ్గర. బండివాడు ఎక్కించుకోననడం మరీ దగ్గర.

నీళ్ల సంగతే చూడండి. బడిలో మిగతా పిల్లలు దాహమైతే వెళ్లి కొళాయి తిప్పుకుంటారు. భీమ్, అంటే చిన్నప్పటి అంబేడ్కర్, కొళాయి ముట్టుకోకూడదు. ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను లేని రోజు నీళ్లు లేవు. ఇక 1901 నాటి ప్రయాణం. గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి సెలవులకు రమ్మని కబురు చేశాడు. పిల్లలు కొత్త బట్టలు, మెరిసే టోపీలు వేసుకుని రైలెక్కి మసూర్ స్టేషన్‌లో దిగారు. తండ్రి పంపాల్సిన మనిషి రాలేదు. ఎవరి పిల్లలో తెలిసేదాకా ఆప్యాయంగా మాట్లాడిన స్టేషన్ మాస్టర్, అంటరానివాళ్లుగా చూసే మహర్లమని చెప్పగానే వెనక్కి జరిగాడు. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండి తోలడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి పిల్లలే తోలుకున్నారు, బండివాడు పక్కన నడిచాడు. వెంట తెచ్చుకున్న తిండి ఉంది. తాగడానికి నీళ్లు దొరకలేదు. తిండి ముందు పెట్టుకుని, నీళ్లు లేక, ఆ రాత్రి తినకుండానే పడుకున్నారు.

ఈ కథను ఏడుపు మొహాలతో గీయడం సులువు. దుర్గాబాయి, సుభాష్ అలా గీయలేదు. గోండు బొమ్మల్లో మొహం ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటుంది, ఒక పెద్ద కన్నుతో. కనుబొమలు ముడుచుకోవు, పెదవులు వణకవు. మొహం అంత నిలకడగా ఉన్నప్పుడు బాధ ఎక్కడికి పోతుంది? చుట్టూ ఉన్నవాటిలోకి పోతుంది. పిల్లలెక్కిన రైలు పాములా పేజీలో మెలికలు తిరుగుతుంది. నీళ్లున్న పేజీల్లో చేపలు ఈదుతాయి. వెలివేసే పేజీల్లో చూపుడు వేళ్లు మనుషులంత అవుతాయి. కన్నీళ్లు పెట్టుకునే బొమ్మను చూస్తే మనం అయ్యో అంటాం, అని ఊరుకుంటాం. నిశ్చలంగా ఉన్న మొహాన్ని చూసినప్పుడు ఆ బాధను మన లోపల్నుంచి తెచ్చి అక్కడ పెట్టాల్సి వస్తుంది. ఈ పుస్తకం పిల్లల చేత చేయించే అసలు పని ఇదేనని నా నమ్మకం.

మహాడ్ పేజీ దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్లు తాగడానికి వేలమంది దళితులు నడిచారు. అంబేడ్కర్ మాట్లాడుతుంటే మైకు గొట్టాలు నీళ్లు చిలకరించే జల్లులుగా మారి జనం మీద కురుస్తాయి. దాహంతో మొదలైన భాగానికి ఇంతకన్నా తగిన బొమ్మ నాకు తోచదు. ఉపన్యాసంలో ఏమన్నాడో పిల్లలకు పూర్తిగా అర్థం కాకపోయినా, ఆ మాటలు ఆ జనానికి ఏమయ్యాయో అర్థమవుతుంది.

ఇక గళ్లు. బొమ్మల కథల పుస్తకమంటే పేజీని గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఒక్కో సంఘటన పెట్టడం అలవాటు. తమ మనుషుల్ని పెట్టెల్లో బంధించబోమని ఈ దంపతులు మొదట్లోనే చెప్పేశారు. గళ్లకు బదులు దిగ్నా వాడారు. పండగలకూ పెళ్లిళ్లకూ గోండు ఆడవాళ్లు ఇంటి గోడల మీద, నేల మీద తీర్చే అల్లిక గీతలవి. దుర్గాబాయి చిన్నప్పుడే వాటిని నేర్చుకుంది. ఇక్కడ ఆ గీతలు పేజీ మధ్యగా వంకర్లు తిరుగుతూ ఒక సంఘటనను ఇంకోదాని నుంచి వేరు చేస్తాయి, మూసేయవు. చదివేవాళ్ల కన్ను దారి తప్పకుండా చూడడం కష్టమైన పని. ఎడమ నుంచి కుడికి అన్న వరస లేనప్పుడు తర్వాత ఎటు చూడాలి? రైలు మలుపు, చాచిన వేలు, బుడగ తోక, ఇవే దారి చూపిస్తాయి. కొన్ని పేజీల్లో నేను ఆగి వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఆ ఆగడం నష్టమని అనుకోను. అంటరానితనం గురించిన కథలో మనుషులను గళ్లలో పెట్టకపోవడం ఎంత పెద్ద నిర్ణయమో, వెనక్కి వెళ్లి చూసినప్పుడే నాకు పట్టుబడింది.

భోకర్‌లో ఆదిలాబాద్ వైపు రైలెక్కితే హిమాయత్‌నగర్, కిన్వట్ మీదుగా గోండు పల్లెలున్న నేలలోకి వెళతాం. ఆదిలాబాద్‌లో ప్రధానులు కిక్రి వాయిస్తూ రాజగోండుల వంశకథలు పాడతారు. మధ్యప్రదేశ్ పర్ధానులు బానా వాయించి గోండుల దేవుడు బడాదేవ్‌ను మేల్కొలుపుతారు. వాయిద్యాలు వేరు, వృత్తి ఒకటే: తమను పోషించే ఇళ్లకు వెళ్లి, వాళ్ల పూర్వీకుల కథ మరిచిపోకుండా చెప్పడం. 1980ల్లో పాటన్‌గఢ్ యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ భోపాల్‌లోని భారత్ భవన్‌కు వచ్చి ఆ పాటను కాగితం మీదికి, కాన్వాసు మీదికి తెచ్చాడు. సుభాష్, దుర్గాబాయి అతని బంధువులు, అతని వెనుక నడిచినవాళ్లు. 2006లో తారా బుక్స్ తెచ్చిన ‘ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’లో భజ్జూ శ్యామ్, రాంసింగ్ ఉర్వేతిలతో పాటు దుర్గాబాయి బొమ్మలున్నాయి. 2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఇంకొకరి ఇంటి కథను సొంత కథలా చెప్పడం వీళ్లకు తరాల పని. అంబేడ్కర్ కథ వాళ్ల చేతుల్లో ఇంత సహజంగా కుదరడానికి కారణం అక్కడే ఉందనుకుంటాను.

మూడో భాగంలో 1934 నాటి సంగతి మరాఠ్వాడా పిల్లలకు మరీ దగ్గరది. అంబేడ్కర్, తోటి కార్యకర్తలు దౌలతాబాద్ కోట చూడబోయారు. అప్పుడది నిజాం రాజ్యం. భోకర్ కూడా ఆ రాజ్యంలోనిదే. రంజాన్ నెల. కోట ముందున్న తొట్టిలో మొహాలు కడుక్కున్నందుకు ఒక ముసలాయన కేకలేస్తూ వచ్చాడు, జనం పోగయ్యారు. చివరికి కోట లోపలికి వెళ్లనిచ్చారు గానీ, ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడమని వెంట ఆయుధంతో ఒక సైనికుణ్ణి పంపారు. మరాఠ్వాడా ప్రాంతం 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో చేరింది. 1978లో మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని శాసనసభ తీర్మానిస్తే దళితవాడల మీద దాడులు జరిగాయి. నాందేడ్ జిల్లా ఎక్కువ దెబ్బతిన్నవాటిలో ఒకటి. ఆ పేరు 1994 జనవరి 14న గాని రాలేదు. భోకర్ పిల్లలకు ఈ పుస్తకంలోని ఊళ్లు పటంలో వెతుక్కోవాల్సినంత దూరంలో లేవు.

తెలుగులో ఇలాంటి ప్రయత్నం దీనికన్నా ముందే జరిగిందని గుర్తు చేయకుండా ఉండలేను. హైదరాబాద్‌లోని అన్వేషి స్త్రీ అధ్యయన కేంద్రం 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ అనే బొమ్మల పుస్తకాల వరస తెచ్చింది, తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో. సంపాదకురాలు దీప్తా ఆచార్. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు, జూపాక సుభద్ర, గోపిని కరుణాకర్ వంటివాళ్ల కథలు అందులో ఉన్నాయి. తోలు పని చేసే ఇంట్లో పుట్టిన బడెయ్య, తెల్లారకముందే పొలానికి నీళ్లు పెట్టబోయే బాలమ్మ అందులో కథానాయకులు. ఎవరూ వాళ్లను ఉద్ధరించరు. తమ పని తామే చేసుకుంటారు. రచయితకూ చిత్రకారుడికీ సమాన చోటిచ్చిన ఆ పుస్తకాలు మన బడుల్లో ఇంకా ఎక్కువ కనిపించాల్సింది.

భీమాయణలో నాకు కాస్త బరువనిపించేది బస్టాపు సంభాషణ. కథ ఇప్పటి కాలంలో మొదలవుతుంది. రిజర్వేషన్ల మీద విసుక్కునే ఒక యువకుడికి ఒక స్త్రీ అంబేడ్కర్ గురించి చెబుతూ పోతుంది. మధ్యలో దినపత్రికల వార్తలు అతికించి ఉంటాయి, 2006 నాటి ఖైర్లాంజీ దళిత కుటుంబ హత్యల దాకా. అక్కడ అక్షరాలు బొమ్మను తొక్కేస్తాయి. పిట్టలూ తేళ్లూ చేస్తున్న పనిని వాదన తన చేతిలోకి తీసుకుంటుంది. అయినా ఆ వార్తలు తీసేయమని అనను. అవి లేకపోతే పిల్లలు ఇదంతా ఎప్పుడో 1901లో జరిగి ముగిసిందనుకుంటారు.

పుస్తకం చాలా భాషలకు పోయింది. లండన్‌లో టేట్ సంస్థ కూడా వేసింది. భోకర్ బడి గ్రంథాలయంలోకి ఒక ప్రతి వస్తే, అయిదో తరగతి పిల్లలకు నీళ్ల భాగం ఒక్కటే ఇవ్వాలంటాను. ముందు బొమ్మలు చూడనివ్వాలి, తేలు తోకలున్న మాటలు ఏవో వాళ్లనే ఏరమనాలి, ఆ తర్వాతే చదివి వినిపించాలి. తొమ్మిది, పది తరగతుల వాళ్లకు మాత్రం బస్టాపు పేజీల నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ యువకుడి మాటలు వాళ్లు ఈపాటికి ఎక్కడో ఒకచోట వినే ఉంటారు.